ఒక పిల్లవాడి కోసం పెట్టిన బడి

ద్వారం వెంకటస్వామి నాయుడు స్మారకోపన్యాసం
(భిలాయిలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఆయన వయొలిన్ గురించి, బాణీ గురించి సంగీతజ్ఞులు ఎంతో చెప్పారు, ఇంకా చెబుతారు. నేను ఇవాళ ఆయన జీవితంలో మరో వైపు గురించి మాట్లాడదలుచుకున్నాను. నాయుడుగారికి చిన్నప్పటి నుంచీ చూపు సరిగా ఆనేది కాదు. ఆయన జీవితచరిత్రల్లో ఈ సంగతి ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. లేకపోతే ఆ ఒక్క సంగతినే పట్టుకుని ఆయన విద్యనంతా ఒక అద్భుతంగా చెప్పేస్తారు. ఈ రెండూ ఆయనకు న్యాయం చేయవు. ఆయనకే కాదు, చూపు లేకుండా, లేదా చూపు కోల్పోయి కళలో పైకొచ్చిన ఎవరికీ న్యాయం చేయవు.

నేను చెప్పేది ఒకటే. చూపులేని కళాకారుణ్ణి నిలబెట్టేది దేవుడిచ్చిన వరమూ కాదు, మనం చూపే జాలీ కాదు. నేర్పే గురువు, చేర్చుకునే బడి, పిలిచి తగిన సంభావన ఇచ్చే సభ. ఈ మూడూ దొరికినవాడు ద్వారంవారంతటివాడు కావచ్చు. దొరకనివాడి గొంతు ఎంత గొప్పదైనా రైలుపెట్టెలో, గుడి మెట్ల మీద ఆగిపోతుంది. ఆ గొంతులు మనమందరం విన్నాం. చిల్లర వేసి ముందుకు నడిచాం.

విజయనగరం, 1919

మన ఇళ్లలో చాలావాటిల్లో ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ యాసే వినబడుతుంది. సోవియట్ దేశంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించిన ఈ భిలాయి ఉక్కు కార్ఖానాలో పని కోసం మన పెద్దలు ఎందరో వచ్చింది విజయనగరం-రాయ్‌పూర్ లైను మీదే. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటుకుంటూ వచ్చారు. వాళ్లు పెట్టెల్లో బట్టలతో పాటు భజన పాటలూ, హరికథలూ, పద్యాలూ మోసుకొచ్చారు. అందుకే ఇవాళ్టి కథ మనకు పరాయి ఊరి కథ కాదు. లైనుకు ఆ చివర జరిగిన కథ.

విజయనగరంలో విజయరామ గజపతి మహారాజుగారి కొలువులో చాగంటి జోగారావుగారనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు గంగరాజుకు చూపు లేదు. సంగీతం మీద మాత్రం ఆసక్తి ఉంది. ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించడం ఎలా అన్న ఆలోచన మహారాజుగారి దాకా వెళ్లింది. అందులోంచే 1919లో విజయనగరం సంగీత కళాశాల పుట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. రాజుగారు తలుచుకుంటే ఒక సంగీతం మేష్టార్ని ఆ ఇంటికి పంపించి, నెల నెలా జీతం ముట్టజెప్పి ఊరుకోవచ్చు. అదీ మంచి పనే. జనం మెచ్చుకునేవారు కూడా. కానీ అప్పుడు ఆ చదువు ఆ ఇంటి అరుగు దాటేది కాదు. ఆయన బడి పెట్టారు. ఆ బడికి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. ఒక్క పిల్లవాడి అవసరాన్ని ఊరి అవసరంగా ఎంచారు.

ఆ తరువాత ఏం జరిగిందో తెలుగువాళ్లందరికీ తెలుసు. పాట నేర్చుకోవాలని ఊరుగాని ఊరు వచ్చి, మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం చెప్పుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాల విద్యార్థే. పి. సుశీలగారు చదివిందీ అక్కడే. అరవై డెబ్బై ఏళ్లుగా మన ఇళ్లలో, పెళ్లిళ్లలో, రేడియోల్లో మోగుతున్న ఆ గొంతులకు చదువు చెప్పిన కళాశాల చూపులేని ఒక కుర్రవాడి కోసం పెట్టింది. మనం దానం చేశామనుకుంటాం. నిజానికి మనం రుణపడి ఉన్నాం.

తీగె మీద వేలు

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో దీపావళి నాడు బెంగుళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. వయొలిన్ తొలి పాఠాలు ఇంట్లో అన్నగారి దగ్గరే. విజయనగరంలో కళాశాల తెరిచిన ఏడాదే ఆయన అక్కడికి వచ్చారు. విద్యార్థిగా చేరదామని వచ్చినవాడి వాయిద్యం విని నారాయణదాసుగారు ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని విజయనగరంలో చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. 1936లో దాసుగారి తరువాత ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

దాసుగారు ఆ రోజు చూసిందేమిటి? చూపు మందమైన యువకుణ్ణి కాదు. కమాను పట్టిన చేతిని చూశారు, స్వరం నిలిచిన తీరు విన్నారు. ఉద్యోగం ఇచ్చింది దానికి. జాలిపడి ఇచ్చిన ఉద్యోగమైతే పదిహేడేళ్ల తరువాత ప్రిన్సిపాల్ కుర్చీ దాకా రాదు.

వయొలిన్ గురించి రెండు మాటలు చెబుతాను. వీణకు మెట్లున్నాయి. సితారుకూ ఉన్నాయి. వేలు ఎక్కడ పెట్టాలో మెట్టు చెబుతుంది. వయొలిన్‌కు మెట్లు లేవు. నున్నటి పలక మీద నాలుగు తీగెలు, అంతే. వేలు వెంట్రుకవాసి పైకి జరిగినా, కిందికి జరిగినా స్వరం తప్పుతుంది. మన పద్ధతిలో వాద్యాన్ని గుండెకూ కుడిపాదానికీ మధ్య ఆనించి కూర్చుంటాం. అలా కూర్చున్నవాడు వేళ్లను చూసుకుంటూ వాయించడు, వాయించలేడు. వేలు సరైన చోట పడిందా లేదా అని చెప్పేది చెవి ఒక్కటే. గమకం అయితే మరీ. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఊగుతూ వెళ్లే ఆ దారిలో కంటికి పనే లేదు.

తంబురా శ్రుతి చేయడం దగ్గర కూర్చుని గమనించారా? నాలుగు తీగెలు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ముందు బిరడా తిప్పి స్థూలంగా శ్రుతిలోకి తెస్తారు. తరువాత కింద పూసలు జరిపి సన్నగా సరిచేస్తారు. ఆ తరువాత అసలు పని. ప్రతి తీగె కిందా ఒక నూలుపోగు పెట్టి, దాన్ని బియ్యపుగింజంత ముందుకీ వెనక్కీ జరుపుతూ వింటారు. పోగు సరైన చోటికి వచ్చేదాకా తీగె మూగగా, పొడిగా పలుకుతుంది. వచ్చిన క్షణాన నాదం విచ్చుకుంటుంది. అప్పుడు మంద్ర షడ్జంలోంచి ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది. దాన్ని వినగలిగినవాడికే శ్రుతి కుదిరినట్టు. వేలమంది కూర్చున్న సభలో ఒక్క తంబురా సరిగ్గా శ్రుతి కలిసి మోగితే చాలు, ఆ వేలమందినీ అదే కట్టిపడేస్తుందని నాయుడుగారు అనేవారు. విద్యార్థికి సాధన ఎంత అవసరమో మంచి సంగీతం వినడం అంతకన్నా అవసరమని ఆయన నమ్మకం.

ఆ రోజుల్లో వయొలిన్ పక్కవాద్యం. పాడేవాళ్ల పక్కన కూర్చుని వాళ్లను అనుసరించాలి. 1938లో వేలూరులో నాయుడుగారు వేదిక మధ్యన కూర్చుని వయొలిన్ సోలో కచేరీ చేశారు. పక్కవాద్యాన్ని ప్రధానవాద్యం చేసిన కచేరీ అది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్‌గారి ఇంట్లో ఆయన వాయిస్తుంటే విని, పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుల్లో జగత్ప్రసిద్ధుడైన యెహూదీ మెనూహిన్ ముగ్ధుడయ్యాడు. ఆ ఇద్దరికీ రాగం వేరు, కూర్చునే తీరు వేరు. కానీ మెట్లులేని పలక మీద వేలు పడాల్సిన చోటు ఇద్దరికీ తెలుసు. నాయుడుగారు 1964లో కన్నుమూశారు. శతజయంతి ఏడాది 1993లో ప్రభుత్వం ఆయన పేరిట తపాలాబిళ్ల తెచ్చింది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ ఉపన్యాసం అసంపూర్ణం. అంగవైకల్యం ఉన్నవారి కోసం, ముఖ్యంగా చూపులేనివారి సహాయార్థం ఆయన ఎన్నో కచేరీలు చేశారు. తనకు దొరికిన బడి అందరికీ దొరకలేదని ఆయనకు తెలుసు.

వరం అనే మాట

"దేవుడు కళ్లు తీసుకున్నా గొంతు ఇచ్చాడు" అని మనం తేలిగ్గా అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో వాళ్ల కష్టాన్ని మనం లాగేసుకుంటున్నాం. చూపు లేనంతమాత్రాన చెవి దానంతట అదే పదునెక్కదు. పదునెక్కేది పనిలో. మన రోలింగ్ మిల్లుల్లో ముప్పై ఏళ్లు చేసిన ఫిట్టరు దూరం నుంచి మోత విని ఏ బేరింగు అరిగిందో చెబుతాడు. దాన్ని మనం వరం అనం, అనుభవం అంటాం. అదే మర్యాద చూపులేని వయొలిన్ విద్వాంసుడికీ ఇవ్వాలి.

ఎం. చంద్రశేఖరన్‌గారిని తీసుకోండి. 1937లో కలకత్తాలో పుట్టారు. రెండేళ్లకే చూపు పోయింది. తల్లి చారుబాల మోహన్‌గారే తొలి గురువు, ఆవిడా వయొలిన్ విద్వాంసురాలే. రెండేళ్ల బిడ్డకు కళ్లు పోతే ఏ తల్లి గుండె అయినా చెరువవుతుంది. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు, బిడ్డ చేతికి కమాను ఇచ్చి పాఠం మొదలుపెట్టారు. ఆ బిడ్డ 2005లో సంగీత కళానిధి అయ్యాడు. మధ్యలో గడిచిన అరవై ఏళ్లకు పైగా సాధనను ఒక్క "వరం" అనే మాటతో కప్పేయగలమా?

అంతకు ముందు కుంభకోణంలో శరభశాస్త్రిగారున్నారు. 1872లో పుట్టి, పసితనంలోనే చూపు కోల్పోయి, 1904లో ముప్పై రెండేళ్లకే కన్నుమూశారు. ఆ కాస్త జీవితంలోనే మన సంగీతంలో వేణువును కచేరీ వాద్యంగా నిలబెట్టారు. ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావుగారు ఆ బాణీని ముందుకు తీసుకెళ్లారు.

చూపులేనివారి లిపిని రూపొందించిన లూయీ బ్రెయిల్ కథా మనలాంటి పనివాళ్ల ఇంట్లో మొదలైందే. 1809లో ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిచేసే చోట ఆడుకుంటుంటే ఆర కంట్లో గుచ్చుకుంది. ఆ పుండు రెండో కంటికీ పాకి రెండు కళ్లూ పోయాయి. పారిస్‌లో అంధబాలుర పాఠశాలలో చదివి, అక్కడే పాఠాలు చెబుతూ, చర్చిల్లో ఆర్గన్ వాయించాడు. ఆరు చుక్కల లిపిని వివరిస్తూ 1829లో అచ్చువేసిన పుస్తకం మాటలు రాయడానికే కాదు, సంగీతం రాయడానికి కూడా. అంటే ఆ లిపి పుట్టింది సంగీతకారుడి చేతుల్లో. ఇవాళ మన తెలుగు పిల్లలు చదివే బ్రెయిల్ కూడా ఆ ఆరు చుక్కలతోనే.

ఆ లిపితో సంగీతం నేర్చుకోవడంలో ఉన్న కష్టం చూడండి. పలక మీద కాగితం బిగించి మొనతో గుచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలుతాయి, అప్పుడు ఎడమ నుంచి కుడికి చదవాలి. చదవడానికి కావలసింది వేళ్లు. వయొలిన్ వాయించడానికీ కావలసింది వేళ్లే. రెండూ ఒకేసారి కుదరవు. చూపున్నవాడు పుస్తకం ఎదురుగా పెట్టుకుని వాయించవచ్చు. చూపులేనివాడు ముందు చదివి, కృతి మొత్తం నోటికి పట్టుకుని, అప్పుడు వాద్యం చేతిలోకి తీసుకోవాలి. వర్ణమైనా, పల్లవి, అనుపల్లవి, చరణాలు, సంగతులన్నీ కలిపి కృతి అయినా అంతే. వాళ్ల ధారణశక్తికి మనం ఆశ్చర్యపోతాం. ఆ ధారణ వెనుక ఒక్కొక్క పంక్తికీ పెట్టిన గంటలు ఉన్నాయి.

1987, 88ల్లో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ వస్తుంటే ఈ దేశమంతా టీవీ ముందు కూర్చుంది. ఆ సంగీతం, అందులోని ఆ గొంతు రవీంద్ర జైన్‌గారివి. అలీగఢ్‌లో 1944లో చూపు లేకుండానే పుట్టారు. పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. "చిత్‌చోర్" పాటలు మన యేసుదాసుగారి గొంతులో దేశమంతా పాడుకుంది. ప్రతి వారం ఎపిసోడ్‌కు గడువులోగా నేపథ్య సంగీతం అందించడం, వాద్యబృందాన్ని నడపడం, నిర్మాతను ఒప్పించడం ఇవన్నీ ఉద్యోగంలాంటి పనులు. ఆయన ఆ పనిలో నమ్మకస్తుడు. అందుకే పని వచ్చింది.

మధ్యలో పోయిన చూపు

పుట్టుకతో చూపు లేకపోవడం ఒక సంగతి. ఉన్న చూపు నడివయసులో పోవడం మరో సంగతి. మన ఊళ్లో ఇది ఎక్కువగా మాట్లాడుకోవలసిన విషయం. కొలిమి వెలుగు, వెల్డింగు మెరుపు, ఎగిరే నిప్పురవ్వ మన జీవితంలో భాగాలు. రిటైరైన తరువాత శుక్లాలు, నీటికాసులు, షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం కూడా మన ఇళ్లలో ఉన్నవే.

చూపు లేకపోతే సంగీతం సరే, చిత్రలేఖనం మాటేమిటి అని అడిగేవారికి వినోద్ బిహారీ ముఖర్జీ గారి జీవితం జవాబు. 1904లో బెంగాల్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచే ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి దగ్గరివే కనబడేవి. 1919లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరారు. విజయనగరంలో మన కళాశాల తెరిచింది కూడా ఆ ఏడాదే. ఇంత తక్కువ చూపున్న కుర్రవాడికి బొమ్మలు ఎలా నేర్పడమని గురువు నందలాల్ బోస్‌కు సందేహం వస్తే, శ్రద్ధగా పనిచేస్తున్నాడు కదా, చెయ్యనివ్వండని రవీంద్రనాథ్ ఠాగూరు అన్నారంటారు. ఆ కుర్రవాడే 1946, 47ల్లో శాంతినికేతన్ హిందీ భవన్ గోడల నిండా మధ్యయుగ భక్తకవుల జీవితాలు చిత్రించాడు. కబీరు, తులసీదాసుల సరసన సూరదాసునూ నిలిపాడు.

యాభై ఏళ్లు దాటాక కంటి ఆపరేషన్ విఫలమై ఆ మిగిలిన కాస్త చూపూ పోయింది. చిత్రకారుడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉంటుందా? ఆయన కాగితాలు కత్తిరించి అతికించడం మొదలుపెట్టారు. మైనంతో బొమ్మలు చేశారు. గీత గీశారు. తరువాత కళాభవన్ గోడకు పలకలతో పెద్ద కుడ్యచిత్రం కూర్చారు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద "ది ఇన్నర్ ఐ" అనే డాక్యుమెంటరీ తీశారు. 1974లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది ఆయన ధైర్యం ఒక్కటే కాదు. చూపు పోయాక కూడా కళాభవన్ ఆయనను తిరిగి అధ్యాపకుడిగా చేర్చుకుంది. కాగితం కత్తిరించి పెట్టేవారు, పలకలు అందించేవారు, చెప్పిన చోట అతికించేవారు పక్కనే ఉన్నారు. మన ఇంట్లో పెద్దాయనకు చూపు తగ్గితే మనం ముందుగా చేసేదేమిటి? ఆయన చేతిలోంచి హార్మోనియం తీసి అటక మీద పెట్టేస్తాం. భజనకు తీసుకెళ్లడం మానేస్తాం. పడిపోతారేమోనని, అలసిపోతారేమోనని. ఆ భయం ప్రేమలోంచి పుట్టిందే. కానీ చూపు తీసుకెళ్లిన దానికన్నా ఆ భయమే మనిషిని ఎక్కువ ఖాళీ చేస్తుంది.

గదగ్ నుంచి నేర్చుకోవలసింది

కర్ణాటకలో గదగ్‌లో వీరేశ్వర పుణ్యాశ్రమం ఉంది. పంచాక్షరి గవాయిగారికి పుట్టుకతో చూపు లేదు. ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయిగారికి పసితనంలోనే పోయింది. ఆ ఇద్దరూ కలిసి చూపులేని పిల్లలకు, పేద పిల్లలకు తిండి, బస, సంగీతం ఉచితంగా ఇచ్చే పెద్ద సంస్థను నిలబెట్టారు. పుట్టరాజ గవాయిగారు ఎన్నో వాద్యాలు వాయించారు, నాటకాలు రాశారు, 2010లో పద్మభూషణ్ అందుకుని ఆ ఏడాదే కన్నుమూశారు.

ఆ ఆశ్రమంలో చదువుకున్నవాళ్ల పేర్లు వినండి. పంచాక్షరి గవాయిగారి దగ్గర నేర్చుకున్న బసవరాజ రాజగురు. పుట్టరాజ గవాయిగారి దగ్గర ఏళ్ల తరబడి గురుకులవాసం చేసిన ఎం. వెంకటేశ్ కుమార్. ఈ ఇద్దరికీ చూపుంది. చూపులేని గురువుల దగ్గర చూపున్న శిష్యులు నేర్చుకుని హిందుస్తానీ సంగీతానికి పెద్ద పేర్లయ్యారు. విజయనగరంలో జరిగిందీ, గదగ్‌లో జరిగిందీ ఒకటే. చూపులేని పిల్లవాడికి తగినట్టు కట్టిన బడిలో అందరికీ చోటుంటుంది. చూపున్నవాళ్ల కోసమే కట్టిన బడిలో చూపులేని పిల్లవాడికి చోటుండదు.

వేదిక, సంభావన

మనకు "సిరివెన్నెల" సినిమా ఎంతో ఇష్టం. 1986లో కె. విశ్వనాథ్‌గారు తీశారు. చూపులేని వేణువాదకుడు కథానాయకుడు. పాటలు రాసిన సీతారామశాస్త్రిగారికి ఆ సినిమాయే ఇంటిపేరయింది. తెరమీద ఆ పాత్ర వేసినది సర్వదమన్ బెనర్జీ, వేణువు ఊదినది హరిప్రసాద్ చౌరాసియా. ఇద్దరికీ చూపుంది. ఆ సినిమా మీద నాకున్న గౌరవం చెప్పలేనంత. చూపులేనివాడిని కళాకారుడిగా, ప్రేమకు పాత్రుడిగా, ఆత్మాభిమానం ఉన్న మనిషిగా చూపిన సినిమా అది. తెర మీద అంతగా ప్రేమించిన ఆ మనిషి నిజంగా మన ఊళ్లో ఉంటే మన వేదిక మీదికి పిలిచామా అన్నదే ఇప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న.

పిలిచినప్పుడు కూడా ఎలా పిలుస్తాం? ప్రధాన కచేరీకి ముందు పది నిమిషాలు. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక ఫోటో. తరువాత వచ్చిన విద్వాంసుడికి కవరులో సంభావన. ఈయనకు చప్పట్లు. రానూపోనూ ఖర్చు కూడా ఆయనదే, వెంట వచ్చిన మనిషి ఖర్చూ ఆయనదే. ఇది మన ఊరి తప్పే కాదు, దేశమంతా ఇలాగే ఉంది. కానీ మార్చుకోవడం మన చేతిలో ఉంది. బియ్యానికీ, అద్దెకూ అందరికీ డబ్బే కావాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం వాళ్ల హక్కు అని, వికలాంగులైన కళాకారులకు, రచయితలకు ప్రభుత్వాలు సదుపాయాలు కల్పించి అండగా నిలవాలని చెబుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైగానే. ఇంతమందిలో ఎన్ని గొంతులు, ఎన్ని చేతులు గురువు కోసం ఎదురుచూస్తున్నాయో ఊహించండి.

మన ఊరు ఏం చేయగలదు

భిలాయికి విని నేర్చుకునే విద్య కొత్త కాదు. ఈ పక్కనే గనియారీలో పుట్టిన తీజన్ బాయిగారు చిన్నప్పుడు తాతగారు మహాభారతం చెబుతుంటే విని పండవానీ నేర్చుకున్నారు. పుస్తకం చదివి కాదు, చెవితో విని. ఈ ఉక్కు కార్ఖానాలోనే ఉద్యోగం చేస్తూ ప్రపంచమంతా తిరిగి పాడారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. మహాభారతమంతా వినికిడి ద్వారా ఒక మనిషికి అందగలదని ఈ నేల మనకు చూపించింది.

ఇక ఖైరాగఢ్. అక్కడి రాజదంపతులు వీరేంద్ర బహదూర్ సింగ్, పద్మావతీదేవి చిన్న వయసులో పోయిన కూతురు ఇందిర పేరు మీద తమ రాజభవనాన్నే ఇచ్చేస్తే 1956లో సంగీత విశ్వవిద్యాలయం వెలిసింది. విజయనగరంలో కొలువు ఉద్యోగి కొడుకు కోసం, ఖైరాగఢ్‌లో పోయిన కూతురి కోసం. ఇద్దరు రాజులూ ఒక బిడ్డను తలుచుకుని అందరి బిడ్డలకూ బడి పెట్టారు. మన దగ్గర కోటలూ భవనాలూ లేవు. కానీ సెక్టార్లలో హాళ్లున్నాయి, గుడుల్లో మండపాలున్నాయి, ఇళ్లలో సంగీతం తెలిసిన అక్కయ్యలు, పిన్నిగార్లు, రిటైరైన మేష్టార్లు ఉన్నారు. కార్ఖానాలో మూడు షిఫ్టులు నడిపిన మనకు ఒక తరగతి నడపడం చేతకాని పని కాదు.

పిల్లలకు సంగీతం చెప్పే ప్రతి ఇంటివారికీ నా మొదటి మనవి. చూపులేని ఒక పిల్లనో పిల్లవాడినో మీ తరగతిలో చేర్చుకోండి. విడిగా కాదు, అందరితో కలిపి. సరళీ వరుసలు బోర్డు మీద రాయడం తగ్గించి నోటితో చెప్పండి. మీ పాఠం ఫోనులో రికార్డు చేసి ఇవ్వండి, ఇంటికెళ్లి వంద సార్లు వింటారు. కమాను పట్టు, వీణ పట్టు చెప్పేటప్పుడు తల్లిదండ్రుల అనుమతితో, పిల్లకు చెప్పి, చెయ్యి పట్టుకుని చూపించండి. ఈ మార్పులు చూపున్న పిల్లలకూ మేలే చేస్తాయి. చెవితో నేర్చుకున్న పిల్లలకు శ్రుతి నిలుస్తుంది.

రెండో మనవి గొంతు బాగున్న పెద్దలకు. తెలుగు పద్యాలు, కీర్తనల సాహిత్యం, వాటి అర్థాలు, కళాకారుల జీవితచరిత్రలు చదివి రికార్డు చేయండి. పుస్తకాలను చూపులేనివారికి అందే రూపంలోకి మార్చుకునే వెసులుబాటు 2012లో సవరించిన కాపీరైటు చట్టం ఇచ్చింది. ఈ విషయంలో దేశాల మధ్య కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. చట్టం దారి ఇచ్చింది. చదివే గొంతులు కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో పెరిగే మన పిల్లలకు బడిలో తెలుగు అందదు. చూపులేని తెలుగు బిడ్డకైతే ఇంకా అందదు. మీ గొంతు ఆ బిడ్డకు తెలుగు బడి అవుతుంది.

మూడోది సభలు నడిపేవారికి. ఉగాదికి, శ్రీరామనవమికి, దసరాకు, త్యాగరాజ ఆరాధనకు మనం వేదికలు కడతాం. ఏడాదిలో ఒక్క ప్రధాన కచేరీ అయినా చూపులేని కళాకారులది పెట్టండి. జాలి కార్యక్రమంగా కాదు, టికెట్టు పెట్టి, అందరికీ ఇచ్చే సంభావనే ఇచ్చి, వెంట వచ్చే మనిషి ఖర్చు కూడా సంఘమే భరించి. పరిచయంలో ముందు గురుపరంపర చెప్పండి, నేర్చుకున్న ఏళ్లు చెప్పండి, వాయించబోయే రాగం చెప్పండి. చూపు సంగతి ఆయన చెప్పదలుచుకుంటే ఆయనే చెబుతారు.

చివరిది ఇళ్లలోవారికి. షుగరున్న పెద్దలను ఏడాదికోసారి కంటి పరీక్షకు తీసుకెళ్లండి, ఆపగలిగిన చూపునష్టాన్ని ఆపండి. ఆపలేనిది వచ్చినప్పుడు ఆ మనిషి చేతిలోని పనిని మాత్రం తీసేయకండి. హార్మోనియం కిందికి దించండి. భజనకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. మీ మనవడికి పాఠం చెప్పమనండి.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పటానికి దండ వేయడం తేలిక. ఆయనను ఆయనగా చేసినది ఒక అన్నగారి పాఠం, ఒక బడి, ఒక దాసుగారి తీర్పు, ఒక వేలూరు సభ. భిలాయిలో ఈ నాలుగింటినీ మనం సమకూర్చగలం. వచ్చే ఏడాది ఈ స్మారక సభలో నాలాంటి ఉపన్యాసకుణ్ణి పిలవకపోయినా పరవాలేదు. మన ఊరి తరగతిలో చేరిన చూపులేని పిల్లలు ఒక వర్ణం వాయించాలి, వాళ్లకు మనం సంభావన ఇవ్వాలి. దానికి కావలసిన చందా జాబితాలో నా పేరు ముందు రాసుకోండి.